గొంతు బాగయ్యాక అనుకున్నాను

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. ఈ ఫ్రాంక్‌ఫర్ట్ కూడికలో ఒకప్పుడు పాటలు నడిపించిన సునీతనే నేను, ఈ బొంగురు గొంతు విని ఇంకెవరో అనుకోకండి.

కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో ఊపిరి అందక నన్ను మేముండే కైసర్స్‌లౌటర్న్‌లో ఆసుపత్రిలో చేర్చారు, గొంతులోకి గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. దేవుడు ప్రాణం నిలిపాడు గానీ, గొట్టం తీశాక నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. స్వరతంతువు ఒకటి కదలడం లేదని, మళ్లీ కదులుతుందో లేదో చెప్పలేమని డాక్టరమ్మ అన్నారు. ఇంటికొచ్చాక మా పాప మెర్సీ, ఎందుకమ్మా గుసగుసలాడుతున్నావని జర్మన్‌లో అడుగుతూనే ఉండేది. మీరంతా జూమ్‌లో నాకోసం కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే నేను కెమెరా ఆపేసి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. "ప్రభువా, నిన్ను స్తుతించే గొంతే నీకు కావలసి వచ్చిందా?" ఇదీ అప్పట్లో నా ప్రార్థన.

జబ్బు చేయకముందు నేను ఊరి బయట క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి బడిలో వారానికి రెండు రోజులు సైన్స్ చెప్పేదాన్ని. క్వేకర్ల ఆరాధనలో పాస్టరుండరు, పాటలుండవు, అందరూ మౌనంగా కూర్చుని దేవుని కోసం కనిపెట్టుకుని ఉంటారు. బడి కూడా రోజూ ఉదయం అలాగే మొదలయ్యేది. చప్పట్లు కొట్టి పాడే సంఘంలో పెరిగిన నాకు అదేం ప్రార్థనో అర్థమయ్యేది కాదు, ఆ కాసేపూ ఆనాటి పాఠం గురించి ఆలోచించుకునేదాన్ని.

మిగతా మూడు రోజులు సైన్స్ చెప్పే పెద్దావిడ హెల్గా గారు నా తరగతులు కూడా తానే తీసుకుని, నా చోట ఇంకొకరిని పెట్టనివ్వలేదట. వసంతంలో బడి తెరిచాక రమ్మని ఫోన్ చేశారు. మాట రాని టీచరు దేనికని గుసగుసగా అన్నాను.

"నీ చేతులు బాగానే ఉన్నాయిగా సునీతా," అన్నారావిడ. "ప్రయోగం నువ్వు చెయ్యి. ఏం జరిగిందో పిల్లలు చెప్తారు."

వెళ్లాను. కిటికీలన్నీ తెరిచిన చలి గదిలో, పిల్లలు మాస్కులతో, కోట్లతో, దూరదూరంగా కూర్చున్నారు. మౌనం మొదలైంది. ఎవరూ మాట్లాడని ఆ గదిలో నేను ఎవరికన్నా తక్కువ కాను! "ప్రభువా, నా దగ్గర ఏమీ లేదు, ఉత్త చేతులతో వచ్చాను" అని మనసులోనే అన్నాను. దర్శనం కలిగిందని చెప్పను, కానీ నెలల తరబడి గుండెలో గడ్డకట్టిన కోపం కరిగి కన్నీళ్లై మాస్కంతా తడిపేసింది. హెల్గా గారు తరగతికి వెళ్లేముందు కొత్త మాస్కు ఒకటి చేతిలో పెట్టారు.

ఆ వేసవిలో గొంతు వ్యాయామాలు చేస్తూ చేస్తూ ఉంటే ఇదిగో, ఈ గొంతు వచ్చింది. దేవునికే మహిమ! అప్పటికి సెలవులు, హెల్గా గారు ఉద్యోగం నుంచి తప్పుకుని చెల్లెలి దగ్గరికి వెళ్లారు. ఆవిడ విన్నది నా గుసగుసే. ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాలని జర్మన్ మాటలు అద్దం ముందు ఎన్నోసార్లు సాధన చేశాను.

"ఈ గొంతుకేమైంది? ఇవాళే చెయ్యి," అన్నారు మావారు.

"ఇంకొంచెం బాగయ్యాక చేస్తాలెండి," అన్నాను.

మళ్లీ చలికాలం వచ్చింది, ఆవిడకు జబ్బు చేసింది, ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు, నేను ఫోన్ తీసేలోపే ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. సమాధి దగ్గర కొద్దిమందిమి మౌనంగా నిలబడ్డాం. క్వేకర్ల పద్ధతిలో అక్కడ మనసుకు తోచినవారు మాట్లాడవచ్చు. నేను ముందుకు వెళ్లి "డాంకె, హెల్గా" అని కృతజ్ఞత చెప్పాను. ఆ రెండు మాటలకు సరిపడా గొంతు దేవుడు నాకు వేసవిలోనే ఇచ్చాడు సహోదరులారా!

ఆ దిగులు నాకు పోలేదు, పోయిందని మీ ముందు అబద్ధం చెప్పలేను. అయినా నన్ను మౌనంలో కూడా విన్న దేవునికి స్తోత్రం. బాగుపడ్డాక ఆయన దగ్గరికి వద్దామని మీలో ఎవరైనా ఆగి ఉంటే, ఆగకండి. పగిలిన గొంతుతోనే రండి, ఆయన వింటాడు. ఆమెన్.