పన్నెండో సూది

కాశింబత్త ఇక లేదు. మంగళవారం పొద్దున నేను రెండో పీరియడ్‌లో ఉండగా ఆసుపత్రి నుంచి ఆమె కూతురు షాకిరా ఫోన్ చేసింది. క్లాసులో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. ఆరోజు వరండాలోకి వచ్చి ఎత్తాను. "అమ్మ పోయిందక్కా" అంది. రెండు రోజుల కిందటే మంచం పక్కన కూర్చుని మాట్లాడి వచ్చాను. నవ్విన మనిషి, నాకు పని చెప్పి పంపిన మనిషి. చేతిలో సుద్దముక్క ఎప్పుడు విరిగిందో నాకు తెలియలేదు.

మధ్యాహ్నానికల్లా ఫోన్ నిండా సంతాపాలు. "ఆఖరి శ్వాస దాకా సూది వదలని సూచీకళా తపస్వినికి అశ్రునివాళి" అని ఒకరు రాస్తే, మిగతావాళ్లు దానికే దండాలు పెడుతూ పోయారు. గత ఏడాది నంద్యాలలో ఆమెకు సన్మానం చేసిన సంఘం పెద్దమనిషి సాయంత్రం ఫోన్ చేశాడు. "సంస్మరణ సంచిక వేస్తాండాం మేడం. ఆఖరి శ్వాస దాకా సూది వదల్లేదు అని అట్ట మీద పెడతాండాం. మీరు తెలుగు చెప్పేటోళ్లు, ఆమెకు దగ్గరోళ్లు. రెండు పేజీలు గంభీరంగా రాసియ్యండి" అన్నాడు. సరేనన్నాను. కాగితం ముందు కూర్చుంటే గాంభీర్యం రావడం లేదు, కోపం వస్తోంది. వచ్చిందే రాస్తాను. వేసుకుంటారో చించేస్తారో వాళ్ల ఇష్టం.

ఆమెను ఎరగనివాళ్లకు ముందు పరిచయం చెయ్యాలి. ఆళ్లగడ్డలో శిల్పుల కొట్టాల వెనక సందులో రెండు గదుల ఇల్లు. పొద్దంతా ఉలి చప్పుడు, రాతిపొడి. ఆ పొడి పడకుండా గుమ్మానికి తడిగోనె కట్టుకుని, యాభై ఏళ్లకు పైగా పాతచీరలతో బొంతలు కుట్టింది కాశింబత్త. భర్త ఎప్పుడో పోయాడు. షాకిరా ఆ ఊళ్లోనే బట్టల అంగట్లో పనిచేస్తుంది. మా అమ్మది పక్క పల్లె. అమ్మ ఆమెను వదినా అని పిలిచేది కనుక నాకు అత్త అయింది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె బొంతలోనే మొదటి నిద్ర పోయింది.

ఆమె పని చూడటం ఒక భాగ్యం. ఈ మాట మాత్రం గంభీరంగానే అంటున్నాను. ఉతికి ఆరేసిన చీరలను నాలుగైదు పొరలు పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చేది. ఎడమకాలు చాపి, గుడ్డ అంచును బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి బిగబట్టేది. "నా కాలే నాకు కూలిమనిషి పాపా. తిండి అడగదు, మాట చెప్పదు" అని నవ్వేది. ఒక్క బొంతకు నెల పట్టేది, ఒక్కోసారి రెండు. తొందరపెట్టినవాళ్లకు ఒకటే జవాబు: "బేగా కుట్టిన బొంత బేగా పిగులుతాది."

బొంతను ఆమె పూర్తిగా ముగించేది కాదు. ఒక మూల జానెడు కుట్టు వదిలి, దారం ఎక్కించిన సూది అక్కడే గుచ్చి ఇచ్చేది. ఆ జానెడు ఆ ఇంటివాళ్లు కుట్టుకుని, ఆ రోజే దీపాల వేళకు సూది తెచ్చి ఇవ్వాలి. "నా చేత్తో మూసేస్తే అది నా బొంత అయితాది. మీ చెయ్యి పడితేనే మీది" అనేది. ఎంత గొప్పింటివాళ్లయినా వంకర టింకరగా ఆ జానెడు కుట్టాల్సిందే.

ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో సూదులు పన్నెండు. ఎర్రటి చిన్న దిండుకు గుచ్చి ఉండేవి. దీపాలు పెట్టే వేళకు లెక్క చూసి, పన్నెండూ ఉంటేనే పొయ్యి దగ్గరికి కదిలేది. తక్కువైతే ఆ పూట ఎవరికీ అన్నం లేదు. ఆమె కోడలిగా వచ్చిన కొత్తల్లో, అవుకుకు పంపిన ఒక బొంతలో సూది ఉండిపోయి పసిబిడ్డ తొడకు దిగిందట. బిడ్డకు ఏమీ కాలేదు. కానీ ఆ తల్లి బొంతను తెచ్చి గుమ్మం ముందు పారేసి పోయింది. ఏమీ అనకుండా పోయిందని, తిట్టి ఉంటే మరచిపోయేదాన్నని అత్త నాతో చాలాసార్లు అంది.

ఒకసారి బెంగళూరు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. కొత్త గుడ్డలు తెచ్చి, వాటిని రుద్ది వెలిసేటట్టు చేసి, పాతచీరల బొంతల్లాగా కుట్టిమ్మన్నాడు. అక్కడ గోడలకు తగిలించుకుంటారట. అత్త ఆ గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూసింది. "దీన్ని ఎవురు కట్టినారప్పా?" అంది. ఎవరూ కట్టలేదన్నాడు. "ఎవురూ కట్టందాన్ని నేనేం కుట్టేది? పో, దుడ్లు బస్సుకు పెట్టుకో" అని గోనె పక్కకు తీసి దారి చూపింది.

ఇక సన్మానం సంగతి. మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఉపన్యాసాల మీద ఉపన్యాసాలు. బొంతలు కుట్టే మనిషికి శాలువా కప్పారు. చివర్లో ఎవరికో బుద్ధి పుట్టి, అమ్మ అద్దాలు లేకుండా ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తారని మైకులో ప్రకటించాడు. అత్త మెల్లగా లేచి, చేతులు కొంగు కిందకు పోనిచ్చి, దారమున్న సూదిని పైకెత్తి చూపింది. హాలు చప్పట్లతో మారుమోగింది. నేనూ కొట్టాను. తిరుగు బస్సులో చెప్పింది: "షాకిరా పొద్దున్నే ఎక్కించి నా కొంగుకు గుచ్చింది. నాకు యాడ కనపడతాది పాపా? మూడేండ్లాయ. దినామూ పన్నెండు సూదులకూ అదే ఎక్కించి అంగడికి పోతాది. నేను వేలితో తడుముకుని కుడతాండా." మరి వేదిక మీద ఎందుకట్లా చేశావంటే, "వాళ్లు చప్పట్లు కొట్టేదానికి వచ్చినారు. కొట్టకుండా పంపిస్తే బాగుంటాదా?" అంది.

ఆ మాట విన్న మనిషిని నేను. చదువుకున్న మనిషిని. ఆమెకు కళ్లు కనపడవని తెలుసు. చక్కెర జబ్బు ఉందనీ తెలుసు. "ఎడమకాలు నాది కానట్టుంది పాపా, గిల్లినా తెలీదు" అని ఆమె అంటే, పొద్దున్నే నడువు అత్తా అని సలహా ఇచ్చాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇదంతా తెలిసీ, మా అమ్మ పోయాక ఆమె చీరలు ఏడు మూటకట్టి, సంవత్సరీకం నాటికి బొంత కావాలని ఆళ్లగడ్డ పోయి అత్త ఒళ్లో పెట్టి వచ్చాను. మా తమ్ముడికి పుట్టిన బిడ్డను అమ్మ చీరల్లో పడుకోబెట్టాలని నాకు ఆశ.

ఆమె వాటిని కళ్లతో చూడలేదు, వేళ్లతో పోల్చింది. "ఇది మీయమ్మ పత్తి తీసేదానికి కట్టేది. కంప పట్టి చినిగిన తావు ఈడుంది చూడు, నేనే అతుకేసినా" అంది. ఏడింటిలో ఐదు చీరలకు అట్లా కథ చెప్పింది. మిగిలిన రెండూ ఊరికే ముఖానికి ఆనించుకుని పక్కన పెట్టుకుంది.

బొంత ముగింపుకు వచ్చిన రోజున దిండులో పదకొండు సూదులే ఉన్నాయి. ఇల్లంతా ఊడ్చారు. దొరకలేదు. పక్క కొట్టంలోని శిల్పి దగ్గర అయస్కాంతం తెచ్చి బొంత మీద అంగుళం అంగుళం తిప్పారు. లేదు. అయినా ఆమెకు నమ్మకం కుదరక, నెలన్నర కుట్టిన బొంతను మూడు రోజులు కూర్చుని మొత్తం విప్పింది. పొరపొరా తడిమింది. సంవత్సరీకానికి వారం ఉందనగా నేను ఫోన్ చేశాను. "సూది దొరికేదాకా బొంత ఇల్లు దాటదు పాపా. దాంట్లో పండుకునేది పసిబిడ్డ" అంది.

"ఒక్క సూది కోసం ఇంత రాద్ధాంతమా అత్తా? అమ్మ సంవత్సరీకం మళ్లీ వస్తుందా?" అన్నాను.

"కోపం చేసుకుంటాండావా? చేసుకో. నేనియ్యను."

ఫోన్ పెట్టేశాను. బొంత లేకుండానే సంవత్సరీకం అయింది. అలిగి నాలుగు వారాలు ఆళ్లగడ్డ వైపు పోలేదు. నెలనెలా పోయి ఆ చాపిన కాలికి ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషిని, ఆ నెల పోలేదు. ఆ నాలుగు వారాల్లో ఆమె ఆ బొంతను మళ్లీ మొదటి నుంచి కుట్టింది. కాలు వాచింది. కూర్చుని కూర్చుని నీరు పట్టిందనుకుంది. జ్వరం వస్తే వీధిలోని ఆర్‌ఎంపీ దగ్గర సూదిమందు వేయించుకుంది. కాలికి గుడ్డ చుట్టి, నొప్పి లేదు కదా అని షాకిరాను అంగడికి పంపేది. స్పృహ తప్పిన రోజున షాకిరా నేనుండే నంద్యాలకు, పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది.

సూది ఆమె ఎడమ మడమలో ఉంది. ఎప్పుడో కింద పడిన దాన్ని తొక్కింది. మొద్దుబారిన కాలికి తెలియలేదు, కనపడని కంటికి అందలేదు. ఎక్స్‌రే పట్టుకుని డాక్టరు షాకిరా మీద అరిచాడట: "ఇన్ని దినాలు ఈమె కాలు చూసినోళ్లు ఒక్కరూ ల్యారా? మనుషులేనా మీరు?" షాకిరా ఏడ్చింది. ఆ పిల్లనేమీ అనకండి. పొద్దున పన్నెండు సూదులకు దారం ఎక్కించి, పగలంతా అంగట్లో నిలబడి, వచ్చి వండి పెట్టే పిల్ల. ఆ అరుపు నాకు తగలాలి. చప్పట్లు కొట్టిన హాలుకు తగలాలి.

సూది తీశారు గానీ అప్పటికే విషం పైకి పాకింది. నేను పోయేసరికి ఆమె నా గొంతు పోల్చి చెయ్యి చాపింది. క్షమించమని అడగబోయి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"దొరికిందంట పాపా! నాలోనే ఉండాదంట ముండది. ఇంగ బయం ల్యా. బొంత తీస్కపో. బిడ్డను పండబెట్టు."

నేను ఏడిస్తే విసుక్కుంది. "ఏంటికి ఏడుస్తాండావ్? బిడ్డకు గుచ్చుకోలేదు గదా" అంది. ఆమె నాతో ఆడిన ఆఖరి మాట అది. ఎంత మంచి మాటో అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. అట్లాంటి మంచితనాన్ని మేం యాభై ఏళ్లు పరుచుకుని పడుకున్నాం. అందుకే నాకు ఒళ్లు మండుతోంది.

సంఘంవారికి ఒక మనవి. "ఆఖరి శ్వాస దాకా సూది వదల్లేదు" అన్న వాక్యాన్ని మీ సంచిక అట్ట మీద నుంచి తీసెయ్యండి. అది కీర్తి కాదు, మన నేరం. డెబ్బై దాటిన గుడ్డి మనిషి ఎందుకు కుడుతోందని అడగకుండా, ఎంత బాగా కుడుతోందో అన్నవాళ్లం మనమంతా. ఇప్పుడు శోకించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

నిన్న షాకిరా బొంత తెచ్చి ఇచ్చింది. మూలన జానెడు వదిలి ఉంది. అక్కడ సూది గుచ్చి ఉంది. డాక్టరు తీసిచ్చిన సూదే. ఉడకబెట్టి, దారం ఎక్కించి గుచ్చమని ఆమే చెప్పిందట. ఆ జానెడు కుట్టడానికి నాకు గంట పట్టింది. వంకరగా వచ్చింది. సందె చీకటి పడుతుండగా షాకిరా ఫోన్ చేసింది.

"అక్కా, అయిందా? సూది బేగా తీస్కరా. పన్నెండు కాలేదు, నేనింకా బువ్వ తినలేదు."

ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. రాత్రికి చేరి, ఎర్రదిండుకు పన్నెండో సూది గుచ్చి, షాకిరా కంచం ముందు కూర్చున్నాక, నాకు చేతనైన ఒక్క పని చేశాను. ఆ పిల్లను కాళ్లు చాపమని, రెండు అరికాళ్లూ దీపం దగ్గరికి తీసుకుని చూశాను. అత్తా, నీ కాలు ఒక్కసారి ఇట్లా చూసి ఉంటే ఈ వ్యాసం రాసే పని నాకు ఉండేది కాదు.