టేపక్క పరుగు

ఇప్పుడు ఆ వీధిలో తెల్లారకముందే సగం జనం పరుగులోనే ఉంటారు. కాళ్లకు రంగురంగుల బూట్లు, చెవుల్లో పాటలు, కారుతున్న చెమటను చూసుకుని మురిసిపోవడాలు. మురిసిపోండి నాయనా, ఎవరొద్దన్నారు? కానీ అక్కడ పనేమీ లేకుండా మొదట పరిగెత్తిన మనిషి టేపక్క. అప్పుడు ఆవిణ్ణి ఆడిపోసుకున్న నోళ్లే ఇప్పుడు రొప్పుతూ ఆరోగ్య పాఠాలు చెబుతున్నాయి. అదీ నా మంట.

టేపక్క దర్జీ. కొలతల టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది గనక ఆ పేరు. ఉమ్మడి ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, దాని ముందు ఆవిడ. తల్లిదీ ఇదే పని. నలభై దాటాక నాలుగు మెట్లెక్కితే తల్లికి ఆయాసం, తర్వాత మంచం, ఆ తర్వాత ఇంకేముంది! అప్పటికి తనకూ నలభై దాటింది. ఓ రోజు గుడ్డల మూట మేడమీదికి మోస్తూ మధ్యలోనే కూలబడింది. డాక్టరు పరీక్షించి, "మందుల కంటే ముందు ఒళ్లు కదిలించమ్మా" అన్నాడు. ఆవిడకు భయం వేసింది. భయం వెనకే కోపం వచ్చింది. అమ్మలా కుర్చీకి అతుక్కుపోయి పోయేది లేదనుకుంది.

కొన్నాళ్లు నడిచింది. నడక చాలదనిపించి, ఓ పొద్దున తను కుట్టుకున్న వదులు పైజామా తొడుక్కుని పరుగందుకుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ రోజుల్లో వయసు మీదపడ్డ ఆడమనిషి పరిగెత్తిందంటే ఇల్లైనా అంటుకుని ఉండాలి, ఎవరైనా పోయి ఉండాలి. పొగ ఎక్కడా కనబడలేదు. పాలవాడు సైకిలు దిగి, "అయ్యో, పెద్దాయన..." అన్నాడు. అంతే, ఆ మాట వీధి దాటింది. టేపక్క తిరిగొచ్చేసరికి ఇంటినిండా జనం. మధ్యలో ఆవిడ భర్త అన్నగారు కాఫీ గ్లాసు పట్టుకుని, తనకోసమే భోరుమంటున్న వియ్యంకుణ్ణి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

జనం కదిలాక ఆయన నిప్పులు చెరిగాడు.

"ఈ వయసులో పరుగేంటమ్మా? ఇంటి పరువు తీశావు కదా!"

"పరువుకీ పరుగుకీ ఒక్క అక్షరమే తేడా బావగారూ. దాన్ని మీరు చూసుకోండి, దీన్ని నేను చూసుకుంటా."

భర్త గోడ వైపు చూశాడు. ఆయనెప్పుడూ గోడ వైపే చూస్తాడు. తోడికోడలు, అంటే ఆ బావగారి భార్య, నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

"ఇంకోసారి పరిగెత్తావంటే గడప తొక్కనివ్వను. నీ మిషనూ వీధిలోనే ఉంటుంది."

ఉత్త బెదిరింపు కాదది. ఇల్లు బావగారి పేరునే ఉంది. ముందుగది పోతే ఆవిడ బతుకుతెరువు పోయినట్టే. ఆ రోజంతా పనిమీద మనసు నిలవక, చొక్కా కుడిచెయ్యి ఎడమవైపు కుట్టి మళ్లీ విప్పుకుంది. అయినా మర్నాడు తెల్లవారగానే గేటు దాటింది.

తిరిగొచ్చేసరికి గేటుకు తాళం. లోపల బావగారు తాళంచెవి ఆడిస్తూ నిలబడ్డాడు.

"ఇక పరిగెత్తనని చెప్పు. తీస్తాను."

"చెప్పను."

"అయితే అక్కడే నిలబడు."

"నిలబడను కూడా!"

ఆ ఇంటి ముందే, వీధి ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు పరిగెత్తడం మొదలుపెట్టింది. కిటికీలు తెరుచుకున్నాయి.

"ఇవాళెవరు పోయారమ్మా?" అని ఒకాయన కేకేశాడు.

"ఎవరూ పోలేదు. పోకూడదనే ఈ పరుగు!" అని అంతకంటే గట్టిగా అరిచింది.

అప్పుడు తోడికోడలు చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. మొగుడి చేతిలోంచి తాళంచెవి లాక్కుని గేటు తీసింది. టేపక్క లోపలికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి రాకు. నేనే వస్తున్నా. పద."

ఇద్దరూ పరుగందుకున్నారు. "ఏయ్, ఆగు! నిన్నే!" అంటూ బావగారు వెంటబడ్డాడు. వీధి మలుపు దాకా వచ్చి, కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని రొప్పసాగాడు.

చూస్తే టేపక్కకే జాలేసింది.

"పోనీ, ఆగుదామా అక్కా?"

"వద్దే," అంది తోడికోడలు వెనక్కైనా చూడకుండా. "పెళ్లయినప్పట్నుంచీ ఆగే ఉన్నాను."