మందుల షాపుకి ఎదురుగా

మా మల్కాపురంలో చేపలమ్మే మామ్మ మొన్న ఉదయం చనిపోయింది. ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. మామ్మకి చట్టం చేయలేకపోయిన న్యాయం గురించి రాయడం తప్ప నాకు మరో నివాళి తెలియదు.

తొంభైల చివర్లో ఆమె మనవడికి దగ్గు వస్తే మా వీధి షాపులో సిరప్ కొన్నారు. తాగాక పిల్లాడికి మూత్రం ఆగిపోయింది. ఆసుపత్రిలో చనిపోయాడు. మర్నాడు డాక్టరు మందు మీదే అనుమానపడి సీసా తెమ్మన్నాడు. అప్పటికే మామ్మ దాన్ని సముద్రంలో వేసేసింది. పోయినవాళ్ల బట్టలూ, చివరగా వాడిన వస్తువులూ ఆ సాయంత్రమే సముద్రానికిచ్చేయడం వాళ్లింటి ఆనవాయితీ. “ఆడిది ఆడితోనే పోవాల గదా బాబూ,” అంది నాతో.

కల్తీ మందు వల్ల మనిషి చనిపోతే యావజ్జీవ శిక్ష దాకా వేయొచ్చు. కాని కల్తీ అని ల్యాబ్ తేల్చాలి. తేల్చడానికి మందుండాలి. కేసు పెట్టాక మందులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వెళ్లేసరికి షాపులో ఆ సరుకు ఒక్క సీసా లేదు.

కోర్టులో షాపు తరఫు వకీలు అడిగాడు. “సీసా ఏదమ్మా? చేపలు తాగేశాయా?”

అందరూ నవ్వారు.

“తాగుంటే సచ్చుంటాయి బాబూ. ఏయించుకు తినండి మీరు,” అంది మామ్మ.

కేసు కొట్టేశారు. జడ్జిగారిని తప్పుపట్టను. చట్టం అంతవరకే వెళ్లగలిగింది. కాని షాపులో మిగతా సీసాలు ఏమయ్యాయని ఎవరూ గట్టిగా అడగలేదు. మనవణ్ణి పోగొట్టుకున్న మనిషిని మాత్రం పారేసిన సీసా గురించి పదేపదే అడిగారు.

మర్నాడు మామ్మ తన చేపల తట్టని ఆ షాపుకి ఎదురుగా దించింది.

“ఏటి మామ్మా, కోర్టు వదిలీసింది గదా!” అన్నాడు యజమాని.

“కోర్టు వదిలీసింది. నానొదల్లేదు.”

“పోలీసుల్ని పిలుత్తాను.”

“పిలు. సేపలమ్మితే ఏ సెక్షనో అడుగు.”

అప్పట్నుంచి రోజూ అక్కడే. మందు కొని బయటికొచ్చిన ప్రతివాళ్లనీ ఆపేది. “బిల్లు తీసుకున్నావా అమ్మా? ఒళ్లు నెమ్మదించీదాకా సీసా పారీకు.” నన్నూ ఆపేది. బిల్లు లేకపోతే వెనక్కి పంపేది.

నిన్న అటు వెళ్లాను. షాపు తెరిచే ఉంది. యజమాని బకెట్టుతో నీళ్లు పోసి, ఆమె కూర్చున్న చోట చీపురుతో గట్టిగా రుద్దుతున్నాడు. సిమెంటులో ఇరుక్కున్న చేప పొలుసులు ఊడిరావడం లేదు. తడిసి, ఎండకి మెరుస్తున్నాయి.