ఆర్చీ ఏటిలో పడే కాలం

ఆర్చీ టర్న్‌బుల్ ఏటిలో పడతాడు. చేపల వేటగాళ్లలో కొందరు కోతలు కోస్తారు, కొందరు తాగుతారు. ఆర్చీ మాత్రం పడతాడు. ఆకులు పండి రాలే రోజుల్లో, ట్వీడ్ నది మీద పొగమంచు పాలమీగడలా తేలుతుండగా, తొడల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, ఈకలతో కట్టిన దొంగ ఈగను గాలం చివర ఎగరేస్తూ నిలబడతాడు. చూసేవాళ్లకు కలలో కొంగలా ఉంటాడు. అంతలో ధభీమని చప్పుడు. కొంగ ఉండదు.

పడేది కూడా ఎక్కడో కాదు, సరిగ్గా ఎఫీ ఇంటి ముందే.

నీళ్లలో పడ్డ మనిషి ఎవరి గుమ్మానికి చేరితే ఆ ఇంటివాళ్లే పొయ్యి రాజేసి ఆరబెట్టాలి, వేడిగా ఏదైనా పెట్టాలి. అది ఆ ఒడ్డు కట్టుబాటు. ఎఫీయేమో వసంతంలో భర్త సాండీ పోయినప్పటినుంచీ పొయ్యి మొహం చూడలేదు. ఒక్క ప్రాణానికి వంటేమిటని రొట్టెముక్కా టీతో సరిపెట్టేది. గౌన్లు ఒంటి మీద వేలాడుతున్నాయి.

"కాలు జారింది, ఎఫీ," అన్నాడు ఆర్చీ మొదటిసారి, మీసాల్లోంచి నీళ్లు కారుస్తూ.

ఎఫీ విసుక్కుంటూనే పొయ్యి వెలిగించి, ఎముకా, బార్లీ, దుంపలూ వేసి సూపు కాచింది. తొడుక్కోమని సాండీ పంట్లాం ఇచ్చింది. అది ఆర్చీ మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది.

"నువ్వూ పోసుకో."

"నాకాకలి లేదు."

"ఎదుటివాళ్లు తినకపోతే నాకు మింగుడుపడదు. మా అమ్మ అంటించిన జబ్బు. చల్లారిపోతోంది మరి, నీ ఇష్టం."

పోసుకుంది.

ఆ తరువాత ఎర్రాకును చూసి చేపనుకుని పడ్డాడు. నీటిపిల్లి పలకరించిందని పడ్డాడు. ఆదివారం వేట నిషేధం గనక ఆ ఒక్కరోజే పొడిగా ఉండేవాడు. ఆ రోజు ఎఫీ నిన్నటి సూపు వెచ్చబెట్టుకుని, తాగుతూ ఏటికేసి చూస్తూ కూర్చునేది.

"మళ్లీ ఎముకలా? ఆర్చీ ఇంకా మునగలేదా?" అనేది మాంసం కొట్టు నడిపే నెట్టా.

"మునిగితే పీడా పోను. కాస్త కండ ఉన్న ఎముక చూసివ్వు."

"విడ్డూరమే తల్లీ! వరదలో కూడా అడుగు తడబడని మనిషి!"

నవంబరు ఆఖరున, వేట ముగిసే రోజు, ఎఫీ కిటికీలోంచి చూసింది. ఆర్చీ టోపీ తీసి రాతి మీద పెట్టాడు. పొగాకు డబ్బా, ఈగల పెట్టె దాని పక్కన పేర్చాడు. అటూ ఇటూ చూశాడు. పిక్కల లోతు కూడా లేని నీళ్లలో, పళ్లు బిగించి, కుర్చీలో కూర్చున్నట్టు మెల్లగా కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, రెండు చేతులతో నీళ్లను ధభీమని కొట్టాడు.

ఎఫీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు వచ్చి!

సూపు పోస్తూ అడిగింది: "రేపటినుంచి వేట బందు కదా, ఇంకెలా జారతావు?"

ఆర్చీ చెంచా గాల్లో ఆగింది. "మంచు... మంచు పడుతుందిగా, రోడ్డు మీద..."

"ఈ వయసులో నడుం విరుగుతుంది. చక్కగా తలుపు తట్టి రా. మధ్యాహ్నానికి రెండు గిన్నెలు పెడతాను."

మర్నాడు ఆర్చీ తల దువ్వుకుని, చేతిలో కేకు పట్టుకుని వచ్చాడు. ఆ ఇంట్లోకి పొడిబట్టలతో రావడం అలవాటులేక బిడియపడ్డాడు. గడప తగిలి, ఈసారి నిజంగానే బోర్లా పడ్డాడు.

"కాలు జారింది," అన్నాడు కింద నుంచే.

"నమ్మాంలే," అంటూ ఎఫీ ముందు కేకును లేపింది, తరువాత ఆర్చీని.