పక్కింటాయన పంటి భయం

డ్రిల్ మోగగానే మా పక్కింటాయన కుర్చీ దిగి, మెడకు కట్టిన కాగితపు గుడ్డతోనే, వెయిటింగ్ రూములో ఉన్న నా ముందునుంచి వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆయనది ఇజ్రాయెల్. జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లోని ఈ క్లినిక్‌లో మా అమ్మాయి డెంటిస్టు. పళ్ల వైద్యమంటే పెద్దవాళ్లకు ఎంత భయమో కొలిచే ప్రశ్నావళిని ఆయనకు హీబ్రూలోనే ఇచ్చింది. భయం లేదని తేలడంతో, భయం తగ్గించే మందు ఇవ్వకుండానే పని మొదలుపెట్టింది.

"స్కోర్ చాలా తక్కువొచ్చింది నాన్నా," అంది.

"ప్రశ్నలు చదివిందెవరు?"

"ఇంట్లో వాళ్లావిడ చదివి, టిక్కులు పెట్టారట."

"పెళ్లాం అడిగితే భయమని ఏ మగాడు చెప్తాడే?"

పక్కన మనిషుండగా ఇచ్చిన జవాబును పత్రికలో పనిచేసిన రోజుల నుంచీ నేను నమ్మను. ఈసారి ఒంటరిగా నింపమని అమ్మాయి మరో కాపీ పంపి, కొత్త టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఇస్తానంది. ఆ కాపీ ఇంకా తిరిగి రాలేదు. పుచ్చిన పన్ను ఆయన నోట్లోనే ఉంది.