మడమ తట్టని దెబ్బ

ఆ రోజు వేదిక మీద నేను మడమ తట్టకుండా కొట్టాను. చూసేవాళ్లకు ఇది తప్పులా కనిపించదు. మా నలుగురి మధ్య మాత్రం ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

తెలంగాణ వచ్చాక మా వైపు ప్రైవేటు బడులు పెరిగాయి. పిల్లల పుట్టినరోజులకు ఫంక్షన్ హాళ్లు మాట్లాడుకోవడం కూడా మొదలైంది. కల్వకుర్తిలో మేం నలుగురం కలిసి పిల్లల కోసం ఒక ఆట కట్టాం. ముగ్గురు వీరులు, ఒక రాకాసి. నేను మెరుపు వీరుణ్ని. మా అందరి బట్టలూ కుట్టిన టైలర్ భాయ్ బండ వీరుడు. ఆటో నడిపే తమ్ముడు గాలి వీరుడు. మిమిక్రీ చేసే అన్న వెయ్యిగొంతుల రాకాసి. పిలుపులే తప్ప మాలో చుట్టాలెవరూ లేరు.

కథ చిన్నది. రాకాసి తెర వెనక నుంచి బండ గొంతుతో గాలిని తిడతాడు, గాలి గొంతుతో నన్ను వెక్కిరిస్తాడు. వీరులు ఒకరి మీద ఒకరు పడి తన్నుకుంటారు. చివరికి మోసం తెలుసుకుని ముగ్గురూ ఒకటై రాకాసిని చిత్తు చేస్తారు. అప్పుడు కూడా వాడు ఊరుకోడు. ముసలవ్వ గొంతుతో, చంటిపిల్ల గొంతుతో ఏడ్చి జాలి పుట్టించబోతాడు. "నమ్మొద్దు! నమ్మొద్దు!" అని పిల్లలు గొంతు చించుకుంటారు.

వీరులు తన్నుకునే భాగాన్ని మేం పెద్దగా సాధన చేయలేదు. వేదిక దిగినా మాకు అదే పని. ముందు ఎవరు దూకాలి, ఎవరి బట్టలు ఎక్కువ మెరవాలి, ఫొటోలో నడుమ ఎవరు నిలబడాలి, అన్నీ తగువులే.

"మెరుపు అంటే వచ్చి పోవాలె. నువ్వు వస్తె పోవేందే?" అనేవాడు తమ్ముడు.

"నా చేతితోని కుట్టిన బట్టలేసుకొని నా మీదికే ఎగురుతున్నవ్. విప్పియ్యాల్నా గిప్పుడే?" అని భాయ్ నా మీదికి వచ్చేవాడు.

ఎంత కొట్లాడుకున్నా ఒక్క పద్ధతి మాత్రం తప్పేవాళ్లం కాదు. రాకాసి ముసుగుకు కళ్ల దగ్గర రెండు సన్నని చీలికలే ఉండేవి. పక్కల నుంచి వచ్చే దెబ్బ అన్నకు కనిపించదు. అందుకని వీరుడు గద ఎత్తే ముందు మడమతో వేదిక బల్ల మీద గట్టిగా ఒకసారి తట్టాలి. ఆ అదురు పాదాలకు అందగానే అతను ఒళ్లు వదులు చేసి వెనక్కి పడేవాడు. గద పైన స్పాంజి, లోపల కర్ర. రెండేసి రోజులు మాటలు లేనప్పుడు కూడా ఒకరికొకరం మడమ తట్టడం మానలేదు.

నల్లగొండ మా అత్తగారి ఊరు. అక్కడ ఒక పెద్దమనిషి తన కొడుకు పుట్టినరోజుకు మా ఆట మాట్లాడుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి "మా బావ ఏం పని చేస్తడో మాకే ఎర్కలేదు" అని నవ్వే బామ్మర్దులను పిలిచి పిలిచి రమ్మన్నాను. మేం చేరేసరికి వేదిక మీద ఏదో డాన్సు బృందం ఆడుతోంది. ఆ పెద్దమనిషి నన్ను చూసి వింతగా ముఖం పెట్టాడు.

"నువ్వే గదనయ్యా పొద్దుగాల ఫోన్ జేసి మేం రామంటివి? నీ గొంతు నాకు తెల్వదా?" అన్నాడు. నేను చేయలేదంటే అతని చూపు మా అన్న మీదికి జరిగింది. "ఏమో మరి. గొంతులు మార్చెటోన్ని మీరే ఎంట తిప్పుకుంటున్నరు."

వెనక నుంచి చిన్న బామ్మర్ది అందుకున్నాడు. "బావా, మెరుపు గింత జల్ది మాయమైతదనుకోలే!"

అత్తగారి వాళ్లంతా నవ్వారు. నా భార్య తల దించుకుంది.

నేను అన్న వైపు తిరిగాను. "నాకేం అవసరం తమ్మీ? నేను జెయ్యలే," అన్నాడతను. అతనికి భయమేస్తే తన గొంతు తనకు చిక్కదు, ఎవరి గొంతో వచ్చేస్తుంది. ఆ మాట భాయ్ గొంతుతో వచ్చింది. ఇక ఎవరు నమ్ముతారు?

కిందటి ఆటలో పిల్లలు నన్ను వదిలి రాకాసి చుట్టూ మూగారని నేనే అతనితో గొడవ పడి ఉన్నాను. ఆ అక్కసు నాది. అతనికే నా మీద పగ ఉందనుకున్నాను.

మర్నాడు భాయ్ దుకాణంలో ముగ్గురం కూర్చున్నాం. జీవితంలో మొదటిసారి మా ముగ్గురికీ ఒక్క మాట మీద కుదిరింది.

"ఆటల్నే గుద్దుదాం. పిల్లల ముందట. ఎవ్వనికి అనుమానం రాదు," అన్నాడు తమ్ముడు.

"తట్టకుంట కొడ్దాం," అన్నాను నేను.

భాయ్ కత్తెర ఆపాడు. "గది వద్దు. గట్టిగ కొడ్దాం, గని తట్టి కొడ్దాం."

సరేనన్నాను. లోపల మాత్రం సరే అనుకోలేదు. తర్వాతి ఆటకు ఇంకా వారం ఉంది. ఆ వారమంతా ఆ దెబ్బను బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగాను. అన్నం తింటూ, బండి మీద పోతూ, అద్దంలో గడ్డం గీసుకుంటూ ఎక్కడ తగలాలో చూసుకున్నాను. బామ్మర్ది నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా దెబ్బ ఇంకాస్త బరువెక్కేది.

అచ్చంపేట దారిలో ఒక బడి వార్షికోత్సవం. వేషాలు కట్టుకుంటుంటే అన్న కాగితం కప్పులో చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు. "తాగు తమ్మీ, సల్లారుతది," అన్నాడు. అతను చూస్తుండగానే దాన్ని గడ్డిలో పారబోశాను.

ఆట చివరికొచ్చింది. భాయ్ తట్టాడు, కొట్టాడు. అన్న పడి లేచాడు. తమ్ముడు తట్టాడు, కొట్టాడు. అన్న పొర్లి లేచాడు. తర్వాత నా వంతు. అతను వేదిక అంచుకు దగ్గరగా, ముఖం అటు తిప్పి, నా మడమ చప్పుడు కోసం నిలబడి ఉన్నాడు. నేను కాలు ఎత్తి, పిల్లిలా మెల్లగా దించాను. గదను స్పాంజి వైపు కాకుండా పిడి వైపు తిప్పి దవడ మీద కొట్టాను.

అతను వేదిక మెట్ల మీదుగా కింద పడ్డాడు. "ఆగుండ్రి... నిజంగ... నిజంగ తాకింది," అన్నాడు.

"నమ్మొద్దు! నమ్మొద్దు!" అని బడంతా అరిచింది. భాయ్, తమ్ముడు కూడా అది ఆటే అనుకున్నారు. నేను అనుకోలేదు. అతను వేసే గొంతులన్నీ నాకు తెలుసు. ఇది వాటిలో లేదు. అంటే ఇది అతని సొంత గొంతు. అది తెలిసి కూడా నేను గద పైకెత్తి, చప్పట్లు అయిపోయేదాకా నిలబడ్డాను.

ముసుగు కింద నెత్తురు మొదట చూసింది భాయ్. టెంటు వేసినతను కూడా ఒక చెయ్యి వేశాడు. అందరం కలిసి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దవడ విరిగింది, తీగలు కట్టాలన్నారు. "కాలు జారిండు," అని నేనే డాక్టరుకు చెప్పాను.

వరండాలో కూర్చున్నప్పుడు టెంటు అతను మాటల్లో అన్నాడు. "నల్లగొండ పుట్టినరోజుకు గూడ స్టేజి నాదే. పిలగాడు డాన్సే గావాలని ఏడ్సిండని పెద్దమనిషి ముందు రోజే మీ ఆట తీసేసిండు గద. మీకు చెప్పలేదా?"

అంటే ఆ రోజు పొద్దున అతనికి ఫోన్ ఎవరూ చేయలేదు. మాకు ముఖం చూపించలేక ఆ పెద్దమనిషి అబద్ధమాడాడు. మాలో గొంతులు మార్చేవాడు ఉన్నాడు కాబట్టి ఆ అబద్ధం నిలబడింది.

భాయ్ నా ముఖం చూడలేదు. నా కాళ్ల వైపు చూశాడు. "నీ మడమ చప్పుడు నాకు ఇనరాలే."

"తట్టలే," అన్నాను.

అతను లేచి బెంచీ ఆ చివరకు పోయి కూర్చున్నాడు.

నేను లోపలికి పోయి డాక్టరుకు జరిగింది చెప్పాను. తర్వాత మంచం పక్కన నిలబడి అన్నకూ, అతని భార్యకూ చెప్పాను. అతను మాట్లాడే స్థితిలో లేడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వదిన ఊరుకోలేదు. "ఎవడో అబద్ధమాడితె నా ఇంటాయన దవడ పలగ్గొడ్తవా? జర అడగరాదా? నోరుండె గద నీకు!" అంది. నల్లగొండ పోయి పెద్దమనిషి చొక్కా గల్లా పట్టుకోవాలని ఒంట్లో మళ్లీ మంట లేచింది. ఆ మంటను గుర్తుపట్టాను. అందుకే పోలేదు.

మరుసటి వారం బడికి పోయాను. పొద్దున ప్రార్థన అయ్యాక, ముసుగు లేకుండా, అదే చోట నిలబడి, రాకాసి ఆ రోజు నిజంగానే ఏడ్చాడనీ, నేను కావాలనే కొట్టాననీ చెప్పాను. ముందు వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తింది.

"మేం నమ్మొద్దని అరిస్తిమి గద సార్. మాది గూడ తప్పేనా?"

"కాదు బిడ్డా. మీకు తెల్వదు. నాకు తెల్సు."

అన్న దవడ అతికేదాకా వాళ్లింటికి గంజి, జావ మోశాను. వదిన గిన్నె తీసుకునేది, కూర్చోమనేది కాదు. తీగలు తీశాక మెరుపు బట్టలు తీసుకుపోయి అతని ముందు పెట్టాను. ఇకనుంచి వీరుడు నువ్వు, రాకాసి నేను అన్నాను. అతను చాలాసేపు ఆ బట్టలను వేళ్లతో తడిమి తల ఊపాడు. రాకాసి గొంతులు ముందే రికార్డు చేసి ఇచ్చాడు. భాయ్ మెరుపు బట్టల కుట్లు విప్పి అన్న కొలతకు మళ్లీ కుట్టాడు, గొణుగుతూనే. "పొట్ట జాగాల ఇంకింత బట్ట గావాలె. మెరుపు గాదు, గిది ఉరిమే మొగులు."

మొదటి ఆట ఆ బడిలోనే పెట్టించుకున్నాం. ముసుగు లోపల చెమట, రబ్బరు వాసన, రెండు గీతల వెలుగు. భాయ్ తట్టాడు, తమ్ముడు తట్టాడు. నేను పడి లేచి వేదిక అంచుకు వచ్చాను. వెనక అన్న ఉన్నాడని తెలుసు. ఎంత దూరంలో ఉన్నాడో తెలియదు. తట్టకుండా కొడితే కొట్టనీ అనుకుని ముఖం అటు తిప్పి నిలబడ్డాను. పిల్లల అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి. చాలాసేపు ఏమీ లేదు.

అప్పుడు పాదాల కింద బల్ల అదిరింది.

నేను ఒళ్లు వదులు చేశాను. స్పాంజి వైపుతోనే కొట్టాడు. దెబ్బ మాత్రం గట్టిగానే తగిలింది.