రాళ్లు మార్చిన రోజు

సువార్తమ్మ నరసరావుపేటలో ఒక పళ్ల డాక్టరు దగ్గర ఆయా. పేషెంట్లు కూర్చునే గదిలో అక్వేరియం చూసుకోవడం కూడా ఆమె పనే. అందులో చారల చేప ఒకటి మూలనున్న రాయిని సొంతం చేసుకుని, అటు వచ్చిన ప్రతిదాన్నీ కరిచేది. ఇప్పటికే ఒకటి చచ్చింది. పసుపు చేప తోక సగం చిరిగింది.

"ఇంకొకటి పోతే తొట్టి తీసేద్దాం సువార్తమ్మా," అన్నారు డాక్టరు గారు.

రోజూ మేత వేసే చెయ్యి ఆమెది. తీసేయడానికి మనసొప్పలేదు.

పూర్వం ఆమె కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసేది. ఫ్యాను కింద చోటు నాదంటే నాదని ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవాళ్లు. పని చేయించే మేస్త్రమ్మ అరిచేది కాదు. సోమవారం పొద్దున్నే మిరప కుప్పలన్నీ కొత్త చోట్ల పోయించేది. ఎవరి చోటేదో తేలక అందరూ పనిలో పడేవాళ్లు.

సువార్తమ్మ చారల చేపను బకెట్లోకి తీసి గాలిగొట్టం పెట్టింది. తొట్టిలో రాళ్లూ మొక్కలూ తారుమారు చేసింది.

"బకెట్లో చేపేంటి?" అన్నారు డాక్టరు గారు.

"పొగరు దిగాలండి. నాలుగు రోజులు పడుతుంది."

ఐదోరోజు వదిలితే అది తన రాయి కోసం తొట్టంతా తిరిగింది. ఆ రాయి ఇప్పుడు వాకిలి వైపు ఉంది, దాని కింద పసుపు చేప. చారలది కాసేపు ఆగి, కరవకుండానే మొక్కల వెనక్కి పోయింది.

సువార్తమ్మ చిటికెడు మేత వేసి, గది తుడవడానికి వెళ్లింది.